పారాణి గీత

నిమాయ్ ప్రామాణిక్ మెడలో స్టెతస్కోపులు మారాయి గానీ, చేతిలో కత్తెర మాత్రం మొదటినుంచీ అదే. ఆయన వైద్యానికి అసలు పనిముట్టు ఆ కత్తెర. మాత్రల అట్ట తీసుకుని, వెనకాల పేరు ఎక్కడ అచ్చయిందో చూసుకుని, ఆ పేరు ముక్కలయ్యేలా ఏటవాలుగా కత్తిరించి రోగి చేతిలో పెడతాడు. పేరు తెలిసిందంటే రోగి మర్నాడు నేరుగా మందుల కొట్టుకి పోతాడు, మధ్యలో డాక్టరు దేనికి? చాల్తాబేరియా చుట్టుపక్కల వైద్యం చేసే వాళ్ళందరిదీ ఇదే పద్ధతి. చదువుకున్నవాళ్ళు వీళ్ళని వెనకాల ‘హాతుడే’ అంటారు, బెంగాలీలో నాటు వైద్యుడని దానర్థం. ఎదురుపడితే మాత్రం ‘డాక్టర్‌బాబూ’ అనే పిలుస్తారు. వానలో బురద తొక్కుకుంటూ ఇంటికొచ్చి నాడి చూసేది వీళ్ళే మరి.

వయసులో ఉండగా నిమాయ్ కృష్ణనగర్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాడు. ఆయన పోయాక ఊరికి తిరిగొచ్చి, ఇంటి ముందుగదిలో ఒక బల్ల, ఒక బెంచీ, ఆకుపచ్చ కర్టెనూ పెట్టుకుని కూర్చున్నాడు. అలా కూర్చోవడంలోనే ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు మోకాళ్ళు లేవనివ్వవు. అవే దగ్గులు, అవే విరేచనాలు, అవే ముఖాలు. ఒకప్పుడు రెండు పూటలకే జ్వరాన్ని దించిన బిళ్ళలు ఇప్పుడు వారమైనా దించడం లేదు. మొదట్లో బిళ్ళలు పాతబడ్డాయనుకున్నాడు. తర్వాత కంపెనీవాడు కల్తీ చేస్తున్నాడనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు, అంటే తన చెయ్యి మంచిది కాదంటారని భయం.

అలాంటప్పుడు బ్లాక్ ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. గ్రామ వైద్యులందరికీ మందుల వాడకం మీద శిక్షణట. అందరూ వెళ్ళారు. ఒక సంచీ ఇస్తారని కొందరు, మధ్యాహ్నం తినడానికి లుచీ, ఆలూర్‌దమ్ ప్యాకెట్ ఉంటుందని ఇంకొందరు. నిమాయ్ మాత్రం ఫ్యాను కింద కాసేపు కూర్చోవచ్చని వెళ్ళాడు.

పాఠం చెప్పింది తపతీ బిశ్వాస్ అనే నర్సు. రిటైర్మెంటుకి దగ్గర పడిన మనిషి. చెప్పిందే చెప్పి గొంతు బొంగురుపోయింది. పాదాలు వాచి ఉంటే చెప్పులు బల్ల కింద విడిచేసి, వట్టి కాళ్ళతో నిలబడి మాట్లాడింది.

“జలుబుకీ, మామూలు జ్వరానికీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు. పనిచేసిందని మీరనుకుంటారు. అది దానంతటదే తగ్గింది. మీరు ఊరికే ఇస్తూ పోతే ఒంట్లో క్రిములు ఆ మందుకి రాటుదేలిపోతాయి. రేపు నిజంగా ప్రాణం మీదికొచ్చిన రోజున ఆ మందు ఇచ్చినా, మంచినీళ్ళిచ్చినా ఒకటే.”

బజారులో పెద్ద బోర్డు పెట్టుకున్న బిష్టు మండల్ వెనక బెంచీలోంచి లేచాడు. “దిదిమణీ, క్రిముల సంగతి తెలీదు గానీ, మా పేషెంట్లు మాత్రం ఎప్పుడో రాటుదేలారు. ఇవ్వం అంటే మమ్మల్నే మింగేస్తారు.”

గదంతా నవ్వింది. తపతి కూడా నవ్వింది, ప్రతి ఊరివాళ్ళూ వేసే హాస్యమే అది. తర్వాత మాత్రల అట్ట ఒకటి ఎత్తి చూపించింది. “ఈ పక్కన నిలువునా ఎర్ర గీత ఉంది చూశారా? ఇదుంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఆలోచించండి. పెద్ద డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకండి. మిగతా అంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ గీత ఒక్కటి గుర్తుపెట్టుకోండి.”

నిమాయ్‌కి నిద్రమత్తు వదిలింది. ఇన్నేళ్ళుగా తనను లోపల్లోపల తొలుస్తున్న దానికి ఎవరో పేరు పెట్టి చెప్పినట్టయింది. బిళ్ళ పాతబడలేదు, కంపెనీవాడు మోసం చెయ్యలేదు, చేసింది తామే. ఆ మధ్యాహ్నం ప్యాకెట్ విప్పకుండానే ఇంటికి తెచ్చాడు. మర్నాటినుంచి ఎర్ర గీత మందులు కొనడం మానేశాడు.

మానడం ఒక ఎత్తు, దానికి ఊరిని ఒప్పించడం ఇంకో ఎత్తు. శిక్షణలో అందరికీ ఒక పోస్టర్ ఇచ్చారు, గోడకి అంటించమని. పెద్ద మాత్రల అట్ట, దాని పక్కన ఎర్ర గీత, పైన అరచెయ్యి ఎత్తి ‘ఆగు’ అన్నట్టు ఒక చెయ్యి. కింద రాసిన నాలుగు ముక్కలు చదువుకుంటే అంతా తెలుస్తుంది. చదివే ఓపిక ఎవరికుంది? అరచెయ్యి ఇటు తిప్పి ఎత్తిన చెయ్యిని ఆ ఊరు బుద్ధెరిగినప్పటినుంచీ చూసింది కాళీ అమ్మవారి విగ్రహంలోనే. అది అభయమిచ్చే చెయ్యి. పట్నంలో కూర్చుని బొమ్మ గీసినవాడికి ఈ సంగతి తట్టలేదు.

నిమాయ్‌కి ఖుడో, అంటే బాబాయి వరసయ్యే ఖగేన్ అనే ముసలాయన దగ్గుతూ వచ్చి, గోడకేసి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చున్నాడు. నిమాయ్ ఇచ్చిన బిళ్ళలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గీత ఏదిరా నిమాయ్?”

“దగ్గుకి గీత మందు అక్కర్లేదు ఖుడో. వేణ్ణీళ్ళు తాగు, తగ్గిపోద్ది.”

“అమ్మవారే చెయ్యెత్తి దీవిస్తా ఉంటే నువ్వు అక్కర్లేదంటావేంటి?”

“అది దీవెన కాదు, ఆగమని చెప్పడం.”

“ఆగుతా సరే. దగ్గు ఆగాలిగా,” అని ఖగేన్ ఆ బిళ్ళలు బల్లమీదే వదిలేసి, లేచి నేరుగా బిష్టు దగ్గరికి పోయాడు. పోయినవాడు ఊరుకోకుండా, నిమాయ్ దగ్గర ఇప్పుడు దీవెన మందు లేదని దారిపొడుగునా చెప్పుకుంటూ పోయాడు.

పోస్టర్ చించేద్దామంటే తపతి చూడ్డానికొస్తుందేమోనని మొహమాటం. ఉంచితే అదే బిష్టుకి ప్రచారం. నెల తిరక్కుండానే నిమాయ్ బెంచీ ఖాళీ అయింది. ఆయన భార్య ఛబీరాణి ఆ బెంచీ మీద వడియాలు ఎండబెట్టడం మొదలుపెట్టింది.

“ఊరికే పడుంది కదా అని పెట్టా,” అంది. “కనీసం ఈగల్ని తోలుతా కూర్చోండి. అదైనా డాక్టరు పనే.”

ఒక గురువారం లక్ష్మీపూజకని ఛబీరాణి అరుగు మీద కూర్చుని పాదాలకు పారాణి పెట్టుకుంటోంది. చాలా రోజుల తర్వాత బెంచీ మీదికి ఒక మనిషి వచ్చాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది, ముక్కు కారుతోంది, అంతే. “గీతదుంటే ఇవ్వండి, లేదంటే బజారుకి పోతా,” అని లేవబోయాడు. నిమాయ్ చేతిలో ఉత్త జ్వరం బిళ్ళల అట్ట ఉంది. అరుగు మీద పారాణి సీసా, దాని పక్కనే పుల్లకి చుట్టిన దూది ఉన్నాయి. ఛబీరాణి శంఖం ఊదడానికి లోపలికి వెళ్ళింది.

కర్టెన్ వెనక్కి వెళ్ళి, అట్ట అంచున దూదితో ఒక్క గీత లాగాడు. ఊదాడు. ఆరింది. పేరు పోయేలా, గీత మిగిలేలా కత్తిరించి ఇచ్చాడు. ఆ మనిషి గీతను చూసుకుని, కళ్ళకద్దుకుని వెళ్ళాడు. రెండ్రోజుల్లో జ్వరం తగ్గింది. తగ్గే జ్వరమే అది.

ఆ తర్వాత నిమాయ్ బెంచీ నిండింది. వడియాలు డాబా మీదికి పోయాయి. తను నోటితో అబద్ధం చెప్పలేదని, గీతను చూపించాడు తప్ప ఇది ఫలానా మందని అనలేదని ఆయన తనకు తాను చెప్పుకునేవాడు. జబ్బు పెద్దదనిపిస్తే ఆసుపత్రికి పంపేసేవాడు కూడా. ఎవరికీ అక్కర్లేని మందు ఇవ్వడం లేదు, అందరికీ తగ్గుతోంది, ఇంక తప్పేముంది? అలా సర్దిచెప్పుకున్న కొద్దీ ఆయన మరింత అలిసిపోయాడు.

ఛబీరాణికి తెలియకుండా ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక గురువారం సీసా ఎత్తి వెలుతురులో పట్టుకుంది.

“పెళ్ళయినకాణ్ణించీ నాకో పారాణి సీసా కొన్న పాపాన పోలేదు. ఇప్పుడు నాదే దొంగతనమా? ఎవత్తి కాళ్ళకి పెడుతున్నారు?”

ఆయన చెప్పాడు. ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, “ఎప్పుడో ఒకడు తడిచేత్తో పట్టుకుంటాడు. అప్పుడు మీ డాక్టరీ అంతా వాడి చేతికి అంటుకుంటుంది,” అంది. కానీ వచ్చేవారం బజారునుంచి రెండు సీసాలు తెచ్చింది.

దుర్గాపూజకి ఇంకా రెండు నెలలుందనగా తపతీ బిశ్వాస్ ఊళ్ళు తిరుగుతూ వచ్చింది. నిమాయ్ అలమరా తెరిచి చూసింది. వెతికి వెతికి చూసినా ఒక్క యాంటీబయాటిక్ అట్ట లేదు. బయట బెంచీ నిండా జనం. ఆమె అక్కడే కుర్చీలో కూలబడిపోయింది.

“ఎన్నేళ్ళుగా చెబుతున్నానో నిమాయ్‌బాబూ,” అంది. “గోడకి చెప్పుకుంటున్నాననుకున్నా. ఒక్కరు విన్నారు, చాలు.” మంచినీళ్ళు తాగి, “వచ్చే శిక్షణలో మీరు మాట్లాడాలి. ఇవ్వకుండా కూడా నడుపుకోవచ్చని మీ నోటితో చెప్పండి. నా మాట నమ్మరు, మీది నమ్ముతారు,” అంది. నిమాయ్ తలూపాడు. పారాణి సీసా లక్ష్మి పటం వెనక ఉంది.

ఆ శిక్షణకి కొద్దిరోజుల ముందు టోటో అనే బ్యాటరీ ఆటో నడిపే రజబ్, వాళ్ళమ్మ ఫూల్‌జాన్ బీబీని బండిలో తీసుకొచ్చాడు. జ్వరం, నడుంనొప్పి. “ఇంకేమైనా ఇబ్బందుందా చాచీ? మంటగానీ?” అని నిమాయ్ అడిగాడు. పక్కనే ఎదిగిన కొడుకు నిలబడి ఉన్నాడు. ఆవిడ తలమీద ముసుగు ఇంకాస్త ముందుకి లాక్కుని, “ఏం లేదు,” అంది. కొడుకుని బయటికి పంపి మళ్ళీ అడగాలని నిమాయ్‌కి తట్టింది. బెంచీ మీద ఇంకా చాలామంది ఉన్నారు, మోకాళ్ళు సలుపుతున్నాయి. పారాణి గీత బిళ్ళలు ఇచ్చి, తగ్గకపోతే మళ్ళీ తీసుకురమ్మని పంపేశాడు.

రజబ్ మళ్ళీ వచ్చాడు గానీ, తల్లిని తేలేదు. “బిళ్ళ వేసినప్పుడు దిగుతోంది, మళ్ళీ వస్తోంది. ఇంకొన్ని ఇవ్వు కాకా,” అని బండి దిగకుండానే అడిగాడు. నిమాయ్ కిటికీలోంచే అందించాడు. ఇంకోసారి కూడా అలాగే.

శిక్షణ రోజు నిమాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్లాక్ ఆసుపత్రికి వెళ్ళాడు. తపతి ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టింది. మళ్ళీ అదే పాఠం, అదే ఎర్ర గీత, బిష్టు హాస్యం కూడా అదే. చివర్లో నిమాయ్‌ని పక్కన నిలబెట్టి, “ఈయన్ని చూడండి,” అని తనే చప్పట్లు కొట్టింది. నిమాయ్ నోరు తెరిచేలోపు తలుపు తోసుకుని రజబ్ వచ్చాడు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు.

“కాకా, నువ్విక్కడుండావని ఛబీ కాకీ చెప్పింది. అమ్మని పొద్దున్నే ఇక్కడ చేర్చా. ఒళ్ళు తెలీట్లేదు. మూత్రంలోంచి విషం రక్తంలోకి ఎక్కిందంట.” జేబులోంచి ఖాళీ అట్ట ముక్కలు తీసి బల్లమీద పోశాడు. అన్నిటి అంచునా ఎర్ర గీత ఉంది, ఒక్కదాని మీదా పేరు లేదు. “ఇన్నాళ్ళు గీత మందు మింగినా తగ్గలేదంటే, ఇక్కడుండే ఇంజెక్షన్లు ఇంక పనిచెయ్యవంటున్నాడు డాక్టరు. కలకత్తా తీసుకుపొమ్మంటున్నాడు. అంబులెన్స్ కోసం ఫోన్ చేశారు. పోయేలోపు నువ్విచ్చిన మందు పేరు అడిగి రమ్మన్నాడు. పేరు చెప్పు కాకా.”

కలకత్తా చేరేసరికి సాయంత్రమవుతుంది. అక్కడ మంచం దొరికేసరికి ఇంకెంతసేపో. ఫూల్‌జాన్ అంతసేపు ఆగదని ఆ గదిలో అందరికన్నా నిమాయ్‌కే బాగా తెలుసు. ఆవిడ ఒంట్లోకి ఒక్క చుక్క యాంటీబయాటిక్ పోలేదనీ, పక్క వార్డు అలమరాలో ఉన్న మామూలు ఇంజెక్షనే సరిపోవచ్చనీ కూడా ఆయనకొక్కడికే తెలుసు. తెలిసిన ఏదో మందు పేరు చెప్పేస్తే తన పరువు నిలుస్తుంది. నిజం చెబితే ఆవిడ నిలవచ్చు. తపతి ఇంకా నవ్వుతూనే ఉంది, ఆయన చెప్పబోయే జవాబు మంచిదే అయివుంటుందని.

“పేరేంటి కాకా?”

నిమాయ్ ఒక అట్ట ముక్క తీసుకుని, వేలు నాలుకకి అద్ది, గీత మీద రుద్దాడు. వేలు ఎర్రబడింది. “ఇది గీత కాదు. మీ కాకీ పారాణి. లోపలున్నది ఉత్త జ్వరం బిళ్ళ. మీ అమ్మకి నేను యాంటీబయాటిక్ ఏదీ ఇవ్వలేదు. పోయి డాక్టరుకి చెప్పు. ఇక్కడుండే మందే మొదలుపెట్టమను. తొందరగా పో.”

రజబ్‌కి అర్థం కాలేదు. తపతికి అయింది. ఆమె రజబ్ చెయ్యి పట్టుకుని బయటికి పరిగెత్తింది. చెప్పులు బల్ల కిందే ఉండిపోయాయి.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. “పారాణా,” అన్నాడు బిష్టు. “మాకీ తెలివి లేకపాయెనే.” నవ్వు గదంతా పాకింది. నిమాయ్ అలాగే నిలబడ్డాడు, ఎర్రటి వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక. ఇస్త్రీ చొక్కా మీద తుడుచుకోవాలనిపించలేదు.

అందరూ ప్యాకెట్లు తీసుకుని వెళ్ళిపోయాక తపతి తిరిగొచ్చింది. కుర్చీలో కూర్చుని చెప్పులు కాలితో వెతుక్కుంది.

“మందు ఎక్కిస్తున్నారు. పంపడం ఆపారు. రేపటిదాకా ఏం చెప్పలేం.”

“నేను మీ మాట విన్నాను దిదిమణీ.”

“విన్నారు. అదే నా బాధ,” అంది ఆమె. “వినని వాళ్ళని తిట్టుకుంటే సరిపోయేది. మిమ్మల్ని ఏమని తిట్టుకోను? చెప్పింది నేను. ఆ చెయ్యి బొమ్మ పంచింది నేను.” చెప్పులు దొరికాక, “ఆ మందు అక్కర్లేదని వాళ్ళతో చెప్పమన్నాను. ఇచ్చినట్టు నటించమనలేదు,” అంది. కోప్పడే ఓపిక కూడా ఆమెలో లేదు. ఆ రోజు నిమాయ్ నడిచే ఇంటికి వచ్చాడు.

ఫూల్‌జాన్ బతికింది. ఆసుపత్రిలో చాలా రోజులుంది, సగమైపోయి ఇంటికొచ్చింది. రజబ్ నిమాయ్‌ని ఒక్క మాట అనలేదు, ఇంటిమీదికి రాలేదు. టోటో నడిపేవాడికి ఆ అవసరమేముంది? ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు. దుర్గాపూజ పందిళ్ళు లేచేసరికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పారాణి డాక్టరు సంగతి తెలిసిపోయింది. పిల్లలు గోడమీద బొగ్గుతో కాళ్ళ బొమ్మలు గీసి పోయేవారు. వడియాలు మళ్ళీ బెంచీ మీదికి దిగాయి. ఈసారి ఈగల్ని ఛబీరాణే కూర్చుని తోలింది. పోస్టర్ మాత్రం ఆయనే చించేశాడు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఫూల్‌జాన్ బీబీ ఒక్కతే కర్ర పోటేసుకుంటూ వచ్చింది. బెంచీ మీది వడియాలను ఓ పక్కకి జరిపి కూర్చుంది. నిమాయ్ లేచి నిలబడ్డాడు.

“కూచో. పోట్లాడ్డానికి రాలేదు, ఓపికెక్కడిది?” అంది. “ముక్కు కారుతోంది. ఒళ్ళు నొప్పులు.”

“బిష్టు దగ్గరికి పోలేకపోయావా చాచీ?”

“అక్కడ జనం ఎక్కువ. నిలబళ్ళేను.”

ఆయన ఈసారి అన్నీ అడిగాడు. మంట సంగతి కూడా అడిగాడు. కొడుకు పక్కన లేడు, ఆవిడ సూటిగా జవాబు చెప్పింది. మంట లేదు, ఏమీ లేదు. వట్టి జలుబు. నిమాయ్ అలవాటుగా అట్టా, కత్తెరా చేతిలోకి తీసుకున్నాడు.

“ఆగు,” అంది ఫూల్‌జాన్. “ఈసారి ఏమిస్తున్నావో చెప్పి ఇవ్వు.”

“జ్వరం బిళ్ళ.”

“అట్లా కాదు. దానికి పేరుంటదిగా? నాకు చదువు రాదు. నువ్వే చదువు.”

ఆ గదిలో ముప్పై ఏళ్ళుగా ఏ మందు పేరూ పైకి పలకలేదు. నిమాయ్ కత్తెర కింద పెట్టి, అట్ట తిప్పి చదివాడు. “పారాసిటమాల్.”

“పారాసి... ఏందీ?”

“పారాసిటమాల్. ఎక్కడైనా దొరుకుద్ది. ఏ కొట్లోనైనా ఇస్తారు. జ్వరం వస్తేనే వేసుకో. మూడ్రోజుల్లో తగ్గకపోతే నా దగ్గరికి రావద్దు, ఆసుపత్రికి పో.”

ఆవిడ కత్తిరించని అట్ట కొంగున ముడేసుకుని లేచింది. మర్చిపోకుండా ఆ పేరు పైకి వల్లె వేసుకుంటూ మెట్లు దిగింది. దారిన పోయే ఇద్దరాడవాళ్ళు ఆగి, ఏంటది అని అడిగారు. ఆవిడ ముడి విప్పి చూపించి, “జ్వరానికి. ఏ కొట్లోనైనా ఇస్తారంట,” అని పేరు చెప్పింది. తప్పు చెప్పింది.

ఇంక ఆ బిళ్ళ కోసం తన గడప ఎవరూ తొక్కరని నిమాయ్‌కి తెలుసు. ఆయన మోకాళ్ళ మీద చేతులానించి లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

“పారాసిటోల్ కాదు చాచీ,” అని కేకేశాడు. “పారాసిటమాల్. మళ్ళీ చెప్పు.”